అద్దె పెంచుతున్నామని ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా ఇంటి పై వాటా రెండేళ్ల కిందట ఒక కుటుంబానికి అద్దెకిచ్చాం. మొదట ఏడాదికి ఒప్పందం రాసుకున్నాం. ఆ గడువు ముగిసి చాలా నెలలైనా మళ్లీ రాసుకోలేదు, నెలనెలా అలాగే సాగిపోతోంది. వాళ్లు మర్యాదస్తులు, అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. ఈలోగా ఇంటి పన్ను, మరమ్మతుల ఖర్చు పెరగడంతో అద్దె కొంత పెంచాలనుకుంటున్నాం. మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఒక మాట చెబితే చాలని మావారు అంటున్నారు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే సరిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. నాకేమో ఉత్తరం చేతికిస్తే వాళ్లు నొచ్చుకుంటారేమోనని జంకుగా ఉంది. ఎంత ముందుగా చెప్పాలి? ఏమని రాయాలి?

- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ జంకు నాకు అర్థమైంది. కానీ అద్దెకున్నవారు నొచ్చుకునేది ఉత్తరం ఇచ్చినందుకు కాదు, ఆ ఉత్తరంలో ఉండవలసినవి లేనందుకు. చాలా ఏళ్ల కిందట నేను అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పని నుంచి వచ్చి తలుపు తీసేసరికి గడప లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం కనిపించింది. ‘వచ్చే నెల నుంచి అద్దె పెరుగుతుంది, గమనించగలరు’ అని ఒకే ఒక్క వాక్యం. ఎంత పెరుగుతుందో లేదు, ఏ తేదీ నుంచో లేదు, రాసిన తేదీ లేదు, కనీసం సంతకం కూడా లేదు. ఆ రాత్రి మేము ఇంటి లెక్కల పుస్తకం ముందేసుకుని, పెరిగేది ఇంత అయితే ఉండగలం, అంతకు మించితే కదలక తప్పదు అని అంచనాలు వేసుకుంటూ చాలా పొద్దుపోయేదాకా కూర్చున్నాం. మర్నాడు వెళ్లి అడిగితే యజమాని చెప్పిన అంకె మేము భయపడినదాంట్లో సగం కూడా లేదు. ఆ ఒక్క అంకె ముందురోజే కాగితం మీద ఉండి ఉంటే మాకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

ముందస్తు నోటీసు అనే ఏర్పాటు అద్దెకున్న కుటుంబం ఉండాలో వెళ్లాలో నిర్ణయించుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వడం కోసం ఉన్నది. ఎన్నాళ్లు ముందు ఇవ్వాలి, ఏం రాయాలి, ఎలా అందించాలి అన్న ప్రశ్నలన్నిటికీ సమాధానం ఈ ఒక్క ప్రయోజనం నుంచే వస్తుంది కాబట్టి, ఎక్కడ సందేహం వచ్చినా ‘దీనివల్ల వాళ్లు నిర్ణయించుకోగలుగుతారా’ అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

ముందుగా బీరువాలోంచి ఆ పాత ఒప్పందాన్ని బయటికి తీసి మొదటి నుంచి చివరి దాకా చదవండి. గడువు ఇంకా నడుస్తున్న ఒప్పందంలో పెంపు మాట లేకపోతే, ఆ గడువు ముగిసేదాకా ఏకపక్షంగా అద్దె పెంచే హక్కు సాధారణంగా యజమానికి ఉండదు; ఇరువురూ ఒప్పుకుంటేనే మార్చుకోవచ్చు. ఏటా ఇంత శాతం పెరుగుతుందని ముందే రాసుకుని ఉంటే ఆ మాట ప్రకారమే నడవాలి, అంతకు మించి అడగకూడదు. మీ విషయంలో గడువు ముగిసి నెలనెలా సాగుతోంది కాబట్టి మీరు పెంపు ప్రతిపాదించవచ్చు. అయితే నోటీసు ఎన్నాళ్లు ముందు, ఏ రూపంలో ఇవ్వాలన్నదాని గురించి పాత ఒప్పందంలో షరతులు ఉంటే, చాలా చోట్ల అవి గడువు తీరాక కూడా వర్తిస్తూనే ఉంటాయి. గడువు తీరిపోయింది గదా అని ఆ కాగితాన్ని పక్కన పడేయకండి.

ఇక ఎంత ముందుగా అన్న ప్రశ్న. దీనికి ప్రపంచమంతటా ఒకే జవాబు లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం ప్రకారం, 12 నెలల వ్యవధిలో పెంపు మొత్తం 10 శాతానికి మించకపోతే కనీసం 30 రోజులు, మించితే కనీసం 90 రోజులు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. కెనడాలోని ఒంటారియోలో పెంపు చిన్నదైనా పెద్దదైనా 90 రోజులు ముందు చెప్పాలి, ఒకసారి పెంచాక 12 నెలలు గడిస్తే తప్ప మళ్లీ పెంచకూడదు. జర్మనీ చట్టం ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. అక్కడ ఆ ప్రాంతపు అద్దె స్థాయిని చూపి పెంచదలచిన యజమాని అద్దెకున్నవారి సమ్మతి అడగాలి, ఎందుకు పెంచుతున్నారో కారణం చూపాలి. అలాంటివే మరో 3 ఇళ్ల అద్దెలను ఉదాహరణగా చూపడం అక్కడ చెల్లుబాటయ్యే పద్ధతుల్లో ఒకటి. ఉత్తరం అందిన నెల తరువాత వచ్చే రెండో నెలాఖరు దాకా ఆలోచించుకునే వ్యవధి అద్దెకున్నవారిదే. మీరు ఉంటున్న చోట చట్టం ఏం చెబుతోందో స్థానిక అద్దె అధికారి వద్దనో, న్యాయవాది వద్దనో ఒకసారి కనుక్కోండి.

చట్టం చెప్పేది కనీస వ్యవధి మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఎంత వ్యవధి సబబు అన్నది తేల్చడానికి నేనొక లెక్క చెబుతాను. మీ ఇల్లు ఖాళీ చేయాలంటే వాళ్లు మీకు ఒక నెల ముందు చెప్పాలని ఒప్పందంలో ఉందనుకుందాం. మీరు కూడా సరిగ్గా ఒక నెల ముందే పెంపు సంగతి చెబితే, ఉత్తరం అందిన రోజే వాళ్లు నిర్ణయించుకుని ఆ రోజే ఖాళీ చేస్తామని రాసివ్వాలి. లేకపోతే పెరిగిన అద్దె కట్టక తప్పదు. వేరే ఇల్లు వెతకడానికి, పిల్లల బడి దూరం చూసుకోవడానికి, డిపాజిట్ సొమ్ము సమకూర్చుకోవడానికి ఒక్క రోజు కూడా మిగలదు. అందుచేత వాళ్లు మీకివ్వవలసిన నోటీసు కాలానికి, ఇల్లు వెతుక్కోవడానికి పట్టే కాలాన్ని కలిపితే ఎంతవుతుందో అంత ముందుగా చెప్పడం న్యాయం. స్థానిక చట్టం ఇంకా ఎక్కువ అడగకపోతే 2 నెలలకు తగ్గించకండి. 3 నెలలు ఇవ్వగలిగితే మరీ మంచిది. బడి పరీక్షల నడుమ కొత్త అద్దె మొదలయ్యేలా తేదీ పెట్టకుండా చూసుకోవడం మీ చేతిలో ఉన్న పని, దానికి మీకు పైసా ఖర్చు కాదు.

రోజులు లెక్కపెట్టడంలో చాలామంది పొరపడతారు. వ్యవధి సాధారణంగా ఉత్తరం రాసిన రోజు నుంచి కాక, వాళ్ల చేతికి అందిన మర్నాటి నుంచి మొదలవుతుంది. ప్రతి నెలా 1వ తేదీన అద్దె చెల్లించాలనీ, నోటీసు 60 రోజులనీ, ఉత్తరం మార్చి 5న అందిందనీ అనుకుందాం. మార్చిలో మిగిలినవి 26 రోజులు, ఏప్రిల్‌లో 30, మొత్తం 56. మిగతా 4 రోజులు మే 4తో పూర్తవుతాయి. మే 1 నాటికి 60 రోజులు నిండలేదు కాబట్టి మే నెల అద్దె పాతదే. కొత్త అద్దె జూన్ 1 నుంచి. ‘రెండు నెలలు అంటే మార్చి, ఏప్రిల్, మే 1 నుంచి కట్టండి’ అని రాస్తే, నాలుగు రోజుల తేడాకు నోటీసు చెల్లదనే వాదనకు తావిచ్చినట్టవుతుంది. పోస్టులో పంపితే చేరడానికి పట్టే రోజులు కూడా కలుపుకోవాలి.

పెంపును శాతంలోనూ, అసలు మొత్తంలోనూ రెండు విధాలా రాయండి. శాతం మాత్రమే రాస్తే దేని మీద శాతం అన్న సందేహం వస్తుంది: అద్దె మీదా, నీళ్లకూ కాపలాకూ విడిగా ఇచ్చే మెయింటెనెన్స్ కూడా కలిపిన మొత్తం మీదా? అద్దె పెరుగుతున్నదా, నిర్వహణ ఖర్చు పెరుగుతున్నదా అన్నది విడదీసి చెప్పాలి. డిపాజిట్ సంగతి కూడా అంతే. ఒప్పందంలో లేకుండా, అద్దె పెరిగింది గనుక అడ్వాన్సు కూడా పెంచాలని ఆఖరి వాక్యంలో చేర్చడం సరికాదు.

మీ ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘తేదీ: 2026 మార్చి 5. శ్రీమతి, శ్రీ ఫలానా గారికి నమస్కారం. మీరు అద్దెకుంటున్న మా ఇంటి పై వాటాకు ప్రస్తుతం నెలకు ఇంత అద్దె చెల్లిస్తున్నారు. 2026 జూన్ 1వ తేదీ నుంచి ఈ అద్దె నెలకు ఇంత అవుతుంది. అంటే పెరుగుదల ఇంత, ఇది ప్రస్తుత అద్దెలో ఇన్ని శాతం. ఇంటి పన్ను, మరమ్మతుల ఖర్చు పెరిగినందువల్ల ఈ నిర్ణయం తీసుకున్నాం. మే నెల వరకు మీరు పాత అద్దే చెల్లించవలసి ఉంటుంది. నిర్వహణ రుసుములోగాని, డిపాజిట్‌లోగాని, తక్కిన షరతుల్లోగాని మార్పు లేదు. ఈ విషయమై మాట్లాడదలచినా, ఇంట్లో కొనసాగడం వీలుకాదనుకున్నా ఏప్రిల్ 15లోగా మాకు తెలియజేయగోరుతున్నాం. ఇట్లు,’ అని కింద సంతకం, పూర్తి పేరు, ఫోన్ నంబరు.

‘ఇంత’ అన్న చోటల్లా మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. ఒప్పందంలో సంతకం పెట్టిన పెద్దవాళ్లందరి పేర్లూ ఉత్తరంలో ఉండాలి. భర్తకు చెబితే భార్యకు చెప్పినట్టేనని అనుకోవడం కాగితాల విషయంలో పనికిరాదు. కారణం రాయాలని అన్ని చోట్లా నిబంధన లేకపోయినా నేను రాయమనే చెబుతాను, ఎందుకంటే కారణం తెలిసిన పెంపు మీద కోపం తక్కువగా ఉంటుంది. అయితే రాసిన కారణం నిజం కావాలి. మరమ్మతులని రాసి, కారుతున్న కొళాయి కూడా బాగుచేయించకపోతే ఆ కాగితమే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

మెట్ల మీద మాటా, వాట్సాప్ మెసేజూ అనవసరమని నేననను. ఉత్తరం ఇచ్చే ముందు ఒకసారి పైకి వెళ్లి కూర్చుని నోటితో చెప్పడమే మర్యాద. ‘మీకు ఇవాళ ఒక ఉత్తరం ఇస్తాం, జూన్ నుంచి అద్దె ఇంత పెంచవలసి వస్తోంది’ అని ముందు మాట చెప్పాక చేతికి వచ్చే కాగితం ఎవరినీ ఉలిక్కిపడేలా చేయదు. కానీ ఆ మాట ఉత్తరానికి బదులు కాదు. ఉత్తరం రెండు ప్రతులు తీసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ‘అందినది’ అని రాయించుకుని తేదీతో సంతకం తీసుకోండి. అది అందినట్టు మాత్రమేననీ, ఒప్పుకున్నట్టు కాదనీ వాళ్లకు స్పష్టంగా చెప్పండి. సంతకానికి ఇష్టపడకపోతే చేరినట్టు రసీదు వచ్చే పద్ధతిలో పోస్టు చేయండి. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఇచ్చే నోటీసు చెల్లుతుందని ఒప్పందంలో రాసుకుని ఉంటే, స్థానిక చట్టమూ ఒప్పుకుంటే అది చాలు. లేకపోతే ఉత్తరం ఫొటోను అదనంగా పంపండి.

కొత్త తేదీ వచ్చాక వాళ్లు పాత అద్దే పంపితే, మొహమాటపడి ఊరుకోకండి. ఒకటి రెండు నెలలు మాట్లాడకుండా తీసుకుంటే, పెంపు మానుకున్నారని వాళ్లు నమ్మడానికి మీరే కారణమవుతారు. తీసుకున్న మొత్తానికి రసీదు ఇస్తూ, మిగిలినది రావలసి ఉందని అదే రసీదు మీద రాయండి.

ప్రశ్న: మా ఇంటి యజమాని నిన్న ఫోన్ చేసి, పది రోజుల్లో వచ్చే 1వ తేదీ నుంచి అద్దె పెంచుతున్నానని చెప్పారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. గత నెలలో స్నానాల గది గోడ నుంచి నీళ్లు కారుతున్నాయని నేను రెండుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను, అది ఇంకా బాగుచేయించలేదు. దానికే ఈ పెంపు అని నా అనుమానం. అద్దె కట్టడం ఆపేయవచ్చా?

- ఒక పాఠకుడు

జవాబు: ఆపకండి, అయ్యా. ఇప్పటిదాకా న్యాయం మీ పక్షాన ఉంది. అద్దె ఆపిన మర్నాడే మీరు బకాయిదారు అవుతారు, అప్పుడు చర్చ నీళ్లు కారే గోడ మీద నుంచి మీ బకాయి మీదికి మళ్లుతుంది. 1వ తేదీన పాత అద్దెను బ్యాంకు ద్వారా, ఏ నెలకు చెల్లిస్తున్నారో రాసి పంపండి. పెరిగిన మొత్తాన్ని మాత్రం తొందరపడి పంపవద్దు, ఎందుకంటే అడిగినంతా మారు మాట్లాడకుండా కట్టడం చాలా చోట్ల సమ్మతి కింద లెక్కకు వస్తుంది.

అదే రోజు యజమానికి చిన్న ఉత్తరం రాయండి. మీరు ఫలానా తేదీన ఫోన్‌లో చెప్పిన విషయం విన్నాను, కొత్త అద్దె ఎంతో, ఏ తేదీ నుంచో, ఒప్పందంలోని ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెలియజేయండి, చట్టం, ఒప్పందం చెప్పిన వ్యవధి పూర్తయ్యేదాకా ప్రస్తుత అద్దె చెల్లిస్తాను అని రాయండి. ఆ ఉత్తరంలో గోడ ఊసు ఎత్తకండి; గోడ గురించి విడిగా మూడో ఫిర్యాదు, ఫొటోలతో, తేదీతో పంపండి. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఒకదానికి ఇంకొకటి బేరంగా మారుతుంది. మరమ్మతు చేయించడం యజమాని బాధ్యత అయినప్పుడు, ఆ బాధ్యతను అద్దె బేరంలో పెట్టకూడదు.

ఇక మీ అనుమానం సంగతి. ఫిర్యాదు చేసినందుకు కక్షతో అద్దె పెంచడాన్ని అనేక చోట్ల చట్టాలు నిషేధించాయి. కాలిఫోర్నియాలో అయితే, అద్దె సక్రమంగా కడుతున్న మనిషి ఇంటి లోపాలపై ఫిర్యాదు చేసిన 180 రోజుల లోపల యజమాని ప్రతీకారంగా అద్దె పెంచకూడదని చట్టంలో రాసి ఉంది. ఇలాంటి రక్షణ మీ ప్రాంతంలో ఉన్నా లేకపోయినా, తేదీల వరుసే మీకు బలం: మొదటి ఫిర్యాదు ఏ రోజు, రెండోది ఏ రోజు, ఫోన్ ఏ రోజు. వీటిని ఇవాళే ఒక పేజీ మీద వరుసగా రాసిపెట్టుకోండి, నెల తరువాత ఎవరికీ సరిగ్గా గుర్తుండవు. అయితే అనుమానాన్ని ఆరోపణగా యజమాని ముఖాన అనేయకండి. ఆయన నిజంగా ఖర్చుల వల్లే పెంచుతూ ఉండవచ్చు, నోటీసు ఎలా ఇవ్వాలో తెలియక ఫోన్ చేసి ఉండవచ్చు. అలాంటివారిని నేను చాలామందిని చూశాను, ఉత్తరం చేతికి రాగానే పద్ధతి ప్రకారం వ్యవధి ఇచ్చినవారు వాళ్లలో ఉన్నారు.

సరైన నోటీసు వచ్చి, ఇల్లు మీకు అవసరమనిపిస్తే బేరానికి వెనుకాడకండి. అదే ప్రాంతంలో అలాంటి ఇళ్ల అద్దెలు నాలుగైదు కనుక్కుని వెళ్లండి. ‘తగ్గించండి’ అని అడగడం కంటే, మరో రెండేళ్లకు ఒప్పందం రాసుకుంటాను, ఆ రెండేళ్లూ ఇదే అద్దె ఉంచండి అని అడిగితే ఎక్కువసార్లు పని జరుగుతుంది. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు, అంటే 8 శాతం పైన, యజమాని నష్టపోతారు. మీ స్థిరత్వం ఆయనకు ఎంత విలువైనదో ఈ లెక్క చెబుతుంది.

ప్రశ్న: ఆరేళ్లుగా ఒకే మనిషి నా ఇంట్లో అద్దెకున్నారు. వయసు మళ్లినవారు, ఒంటరివారు. మొహమాటంతో ఇన్నాళ్లూ పెంచలేదు. చుట్టుపక్కల అద్దెలు మా అద్దె కంటే 40 శాతం ఎక్కువగా ఉన్నాయి. ఒకేసారి ఆ స్థాయికి పెంచవచ్చా? పోయిన ఏళ్లకు కూడా తేడా అడగవచ్చా?

- మరొక పాఠకుడు

జవాబు: పోయిన ఏళ్ల తేడా అడగడానికి వీల్లేదు. అద్దె పెంపు నోటీసు ఇచ్చిన తరువాతి కాలానికే వర్తిస్తుంది, ముందు కాలానికి కాదు.

ఒకేసారి 40 శాతం అన్నది చట్టంతో సంబంధం లేకుండానే తప్పనిపిస్తుంది నాకు. మీరు మొదటి నుంచి ఏటా 5 శాతం చొప్పున పెంచుతూ వచ్చి ఉంటే, 100గా ఉన్న అద్దె ఆరేళ్లకు 134 అయ్యేది. ఆయన ఏటా కొంచెం కొంచెం సర్దుకుంటూ వచ్చేవారు. ఆ ఆరేళ్ల సర్దుబాటును ఇప్పుడు ఒక్క నెలలో చేయమంటున్నారు, అదీ రాబడి పెరిగే వయసు దాటిపోయిన మనిషిని. కొన్ని దేశాల్లో దీనికి హద్దు కూడా ఉంది. ఇంతకు ముందు చెప్పిన జర్మనీ పద్ధతిలో 3 ఏళ్లలో మొత్తం పెంపు 20 శాతానికి మించకూడదు, ఇళ్ల కొరత ఉన్నట్టు ప్రకటించిన ప్రాంతాల్లో 15 శాతానికే పరిమితం.

మీరు మెట్లుగా పెంచండి. ఏటా 8 శాతం చొప్పున పెంచితే మూడేళ్లకు 100 అన్నది 126 దాకా వస్తుంది. అప్పటికి కూడా చుట్టుపక్కల అద్దెల కంటే కొంత తక్కువే ఉంటుంది. కానీ ఆరేళ్లుగా ఇల్లు ఒక్క రోజు ఖాళీగా లేదు, కొత్తవారి కోసం రంగులు వేయించలేదు, ఆ ఆదాకు కూడా లెక్క ఉంది. మూడు మెట్లనూ తేదీలతో సహా ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. ఆయన వ్యవహారాలు చూసే పిల్లలో బంధువులో ఉంటే, ఆయన అనుమతి తీసుకుని వాళ్లకు కూడా ఒక ప్రతి ఇవ్వండి. ఇరువురూ సంతకం చేస్తే అది మూడేళ్ల ఒప్పందం అవుతుంది. సంతకానికి ఆయన ఇష్టపడకపోతే ఆ కాగితాన్ని మొదటి మెట్టుకు మాత్రమే నోటీసుగా భావించి, రెండో, మూడో మెట్లకు ఆయా ఏడు గడువు రాకముందే మళ్లీ విడివిడిగా ఉత్తరాలు ఇవ్వండి.